కొండమీది శిబిరము, కొండ క్రింది పని

చదువవలసిన వాక్యభాగము: మార్కు 9:2-29



వేసవి సెలవులు సమీపించినప్పుడెల్ల మన సంఘములలో యౌవనస్థుల శిబిరమును గూర్చిన మాట వచ్చును. చందాలు ప్రోగుచేసి పిల్లలను పంపుదుము. వారు క్రొత్త పాటలు నేర్చుకొని, కన్నీటితో ప్రార్థించి, సంతోషముతో తిరిగి వత్తురు. రెండు నెలలు గడచునప్పటికి వారిలో కొందరు మరల గుడికి దూరమగుదురు. అప్పుడు పెద్దలు, "ఇంత ఖర్చు పెట్టి పంపినందువలన ప్రయోజనమేమి?" అని అడుగుదురు. ఈ ప్రశ్నను మనస్సులో నుంచుకొని, అమెరికా దేశములోని యొక శిబిరము ఎట్లు పుట్టినదో ఈ మాసము తెలిసికొందము.

1. శిబిరమునకు ముందు

టెక్సాస్ రాష్ట్రములో గెయిన్స్‌విల్ అను చిన్న పట్టణము కలదు. అక్కడ కొందరు వృద్ధ స్త్రీలు ఏండ్ల తరబడి కూడుకొని, ఆ ఊరి హైస్కూలు విద్యార్థుల కొరకు ప్రార్థించుచుండిరి. తరువాత జిమ్ రేబర్న్ అను వేదాంత విద్యార్థి అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘమునకు సహాయకుడుగా వచ్చెను. గుడికి వచ్చువారిని తాను చూచుకొందుననియు, గుడి మెట్లెక్కని హైస్కూలు పిల్లలే అతని మందయనియు ఆ సంఘకాపరి అతనికి చెప్పెను.

రేబర్న్ ఆ పిల్లలున్న చోటికే వెళ్లెను. వారి ఆటలు చూచెను, వారితో స్నేహము చేసెను. బడి విడిచిన పిమ్మట జరిపిన కూటమునకు మొదట కొద్దిమందియే వచ్చిరి. దానిని సాయంకాలమునకు, పిల్లల ఇండ్లకు మార్చినప్పుడు అనేకులు రాసాగిరి. ఈ పని నుండి 1941లో యంగ్ లైఫ్ అను సంస్థ ఏర్పడెను.

2. కొండల నడుమ

అమెరికాలో పశువులను, గుఱ్ఱములను పెంచు విశాలమైన భూమిని రాంచ్ అందురు. 1946లో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణము దగ్గర స్టార్ రాంచ్ అను స్థలము ఈ పనికి లభించెను. చికాగో వర్తకుడైన హెర్బర్ట్ టేలర్ అను విశ్వాసి ఇందుకు తోడ్పడెను. 1951లో బ్యూనా విస్టా అను ఊరి దగ్గర ఫ్రాంటియర్ రాంచ్ కూడ చేరెను. అంతకు పూర్వము అది బాలుర వేసవి శిబిరము. పదునాలుగు వేల అడుగులకు మించిన ప్రిన్స్‌టన్ అను కొండ దానికి ప్రక్కనే కలదు.

క్రీస్తును గూర్చిన మాట యౌవనస్థులకు విసుగు పుట్టించునట్లు చెప్పరాదని రేబర్న్ గట్టిగా నమ్మెను. కావున పగలు గుఱ్ఱపు స్వారీ, ఆటలు, కొండలెక్కుట. సాయంకాలము పాటలు, వాక్యము. యేసు ఎవరో, మన పాపమేమో, సిలువలో ఏమి జరిగెనో, ఆయన ఎట్లు లేచెనో వారమంతయు క్రమముగా చెప్పుదురు. వారము ముగియుటకు ముందు ఒక రాత్రి, పిల్లలు ఒక్కొక్కరుగా ఆరుబయట మౌనముగా కూర్చుండి విన్నదానిని ఆలోచించుకొందురు.

3. వెంట వచ్చినవారు

ఈ శిబిరములలో మనము ముఖ్యముగా గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. పిల్లలు ఒంటరిగా వెళ్లరు. తమ ఊరిలో తమకు ముందే స్నేహితుడైన నాయకునితో వెళ్లుదురు. అతడు వారి గదిలోనే పండుకొనును. ప్రసంగమైన తరువాత వారి సందేహములను వినును. శిబిరము ముగియగానే వారితోకూడ ఇంటికి వచ్చి, తరువాతి వారము కూటములో వారిని కలిసికొనును.

ఇప్పుడు మన వాక్యభాగమును చూడుడి. కొండమీద ప్రభువు మహిమను చూచిన పేతురు అక్కడనే పర్ణశాలలు కట్టగోరెను. అయితే ప్రభువు వారిని క్రిందికి తీసికొని వచ్చెను, తానును వారితో దిగివచ్చెను. క్రింద ఒక తండ్రి బాధపడుచున్న తన కుమారుని పట్టుకొని నిలిచియుండెను. శిష్యులు ఆ బాలుని స్వస్థపరచలేకపోయిరి. అందుకు కారణమడుగగా, ప్రార్థన అవసరమని ప్రభువు తెలిపెను (29వ వచనము).

మనకు గుఱ్ఱములు లేవు, మంచు కొండలు లేవు. మామిడితోపు చాలును, సెలవులలో ఖాళీగానున్న బడి చాలును. అయితే శిబిరమునకు ముందు మన పిల్లల పేరులెత్తి ప్రార్థించిన తల్లులు ఎందరు? వారితో వెళ్లి, చాపమీద వారి ప్రక్కన పండుకొని, వారితో తిరిగి వచ్చిన పెద్ద ఎవరు? ఇంటర్మీడియట్ చదువుకు పట్నము వెళ్లిన పిల్లవాడు పండుగకు ఊరు వచ్చినప్పుడు, అతని యింటికి వెళ్లి కుశలమడిగినవారు ఎవరు? పిల్లలు చల్లారిరని చెప్పుటకు ముందు ఈ ప్రశ్నలకు మనము జవాబు చెప్పుకొనవలెను. పొయ్యి రాజేసినవారే దగ్గర కూర్చుండి పుల్లలు ఎగదోయవలెను గదా.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో గుడికి రాని యౌవనస్థులు ఎవరు? వారి పేరులు మనకు తెలియునా?
2. స్త్రీల కూటములో వారి కొరకు వారమునకొక దినము ప్రార్థింపగలమా?
3. ఈ వేసవిలో పిల్లలతో వెళ్లి, సంవత్సరమంతయు వారిని కనిపెట్టుకొనియుండుటకు సంఘములో ఎవరిని ఏర్పరచుదము?

ప్రార్థనాంశము: కొండమీద నీ మహిమను చూచిన మా బిడ్డలను, పొలములోను బడిలోను నీవే నడిపింపుము. వారికి తోడుగా నడచు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.