పసిబిడ్డ పుట్టిన ఇల్లు: తొలి నలభై రోజుల్లో మన బాధ్యతలు

సంతానం అల్లాహ్ ప్రసాదించే మహా అనుగ్రహం. హజ్రత్ జకరియ్యా (అలై) ఎముకలు బలహీనపడి, తల నెరిసిన వయసులో కూడా నిరాశ చెందకుండా ఈ అనుగ్రహం కోసమే తన ప్రభువును మెల్లగా వేడుకున్నారు. నేడు కూడా ఎందరో దంపతులు ఏళ్ల తరబడి ఇదే దుఆ చేస్తున్నారు. మరి ఆ అనుగ్రహం మన ఇంటికి వచ్చినప్పుడు దాన్ని మనం ఎలా స్వాగతిస్తున్నాం?

ఈ సందర్భంలో షరీఅత్ మననుంచి కోరేవి నాలుగైదు పనులే. అవన్నీ తేలికైనవి, పెద్దగా ఖర్చు లేనివి. కాని మనం వాటిలో కొన్నిటిని వదిలేసి, షరీఅత్ కోరని భారాలను నెత్తికెత్తుకుంటున్నాం. ఆ భారం చివరికి ఎవరిమీద పడుతోంది? ఒళ్లు పులిసి మంచం మీదున్న బాలింత మీద, అప్పు చేసిన ఆమె తండ్రి మీద. అందుకే ఈ పాఠంలో తొలి రోజుల సున్నత్‌లను, వాటితోపాటు తల్లి హక్కులను తెలుసుకుందాం.

కూతురైనా కొడుకైనా శుభవార్తే

అజ్ఞాన కాలపు అరబ్బులకు ఆడపిల్ల పుట్టిందని చెబితే ముఖం నల్లబడిపోయేదనీ, జనానికి మొహం చాటేసేవారనీ దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరా (16:58, 59)లో తెలిపింది. ఆలోచించవలసిన సంగతి ఏమిటంటే, ఆ ఆయతులో ఆడపిల్ల పుట్టిన కబురుకు అల్లాహ్ వాడిన మాట 'శుభవార్త' అని అర్థమిచ్చేదే. షూరా సూరాలో (42:49) సంతానం గురించి చెబుతూ కూతుళ్లనే ముందు ప్రస్తావించడం జరిగింది. ఇద్దరు ఆడపిల్లలను యుక్తవయసు వచ్చేదాకా పోషించినవాడు ప్రళయ దినాన తనతోపాటు ఇలా ఉంటాడని దైవప్రవక్త (స) తన వేళ్లను జోడించి చూపారు.

మరి ఆస్పత్రి వరండాలో "మళ్లీ ఆడపిల్లేనా?" అని నిట్టూర్చేవారు ఎవరి బాటలో నడుస్తున్నట్లు? ఆ నిట్టూర్పు తెర వెనుక ఉన్న తల్లికి వినిపిస్తుంది. ప్రసవ వేదన పడి వచ్చిన ఆమెకు మనం ఇచ్చే మొదటి కానుక అదా? కనుక మొదటి సున్నత్ మన నాలుకదే. 'అల్‌హందులిల్లాహ్' అనాలి. తండ్రికి 'ముబారక్' చెప్పాలి. తల్లికి మంచి మాట చెప్పాలి.

అజాన్, తహ్నీక్

హజ్రత్ ఫాతిమా (రజి)కు హసన్ (రజి) జన్మించినప్పుడు దైవప్రవక్త (స) ఆ బిడ్డ చెవిలో అజాన్ పలికారని హజ్రత్ అబూ రాఫె (రజి) తెలిపారు. ఈ ఉల్లేఖన పరంపర గురించి హదీసువేత్తలు చర్చించినప్పటికీ, ముస్లిం సమాజంలో ఇది తరతరాలుగా ఆచరణలో ఉంది. దీనికి ఇమామ్ సాహెబ్ వచ్చేదాకా ఆగనవసరం లేదు. తండ్రి గాని, తాతయ్య గాని పలకవచ్చు. లేత చెవి కనుక మెల్లగా పలకాలి. బిడ్డను అద్దాల పెట్టెలో ఉంచవలసి వస్తే బయటికి వచ్చాక పలకవచ్చు. దానికోసం వైద్యులతో గొడవపడడం తగదు.

తహ్నీక్ అంటే నమిలి మెత్తగా చేసిన ఖర్జూరాన్ని బిడ్డ అంగిలికి రాయడం. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) తన కుమారుణ్ణి తీసుకువెళితే దైవప్రవక్త (స) ఆ బిడ్డకు ఇబ్రాహీం అని పేరుపెట్టి, తహ్నీక్ చేసి, శుభం కోసం దుఆ చేశారు. ఇది ఉత్తమమైన పని, కాని విధి కాదు. దగ్గు, జ్వరం, నోటిపూత ఉన్నవారు దీనికి పూనుకోకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో వైద్యులు వద్దంటే మానేసి దుఆతో సరిపెట్టుకోవాలి.

చాలా ఇళ్లలో ఖర్జూరం బదులు తేనె నాకిస్తారు, ఘుట్టీ పోస్తారు. తేనెలో స్వస్థత ఉందని ఖుర్ఆన్ తెలిపిన మాట సత్యం. అయితే ఏ మందైనా తగిన వయసులో ఇస్తేనే మందు. తేనెలో ఉండే అవకాశమున్న ఒక రకం సూక్ష్మక్రిమి ఏడాది నిండని బిడ్డ పేగుల్లో విషాన్ని పుట్టించి ప్రాణం మీదికి తేగలదు. కాబట్టి ఏడాది నిండేవరకు తేనె ఇవ్వకూడదు.

బిడ్డ మొదటి హక్కు తల్లిపాలు

పాలు పట్టే గడువును పూర్తి చేయదలచినవారికి అది నిండు రెండేళ్లని బఖరా సూరా (2:233) తెలిపింది. ముందే మాన్పించాలనుకుంటే తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకుని, పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలని కూడా అదే ఆయతు నేర్పింది. తల్లి మాటకు అల్లాహ్ ఇచ్చిన విలువ ఇది.

కాన్పయిన మొదటి రోజుల్లో వచ్చే చిక్కని పసుపు వన్నె ముర్రుపాలను కొందరు పెద్దవాళ్లు 'చెడ్డ పాలు' అని పిండి పారబోయిస్తారు. ఇది ఏ హదీసులోనూ లేని మాట. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తినిచ్చేవి ఆ పాలే. పుట్టిన గంటలోపే రొమ్ము అందించాలనీ, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టనక్కర లేదనీ వైద్యులు చెబుతున్నారు. మొదటి రెండు రోజులు పాలు కొద్దిగానే వస్తాయి. పసిబిడ్డ చిన్న కడుపుకు ఆ కాసినే చాలు. అది తెలియక "నీకు పాలే లేవు" అని బాలింతను దెప్పి డబ్బా పాలు తెప్పించడం తల్లికీ బిడ్డకూ అన్యాయం.

ఏడో రోజు చేయవలసినవి

ఏడో రోజున అఖీఖా చేయడం, తల వెంట్రుకలు తీయించడం, పేరుపెట్టడం సున్నత్. ఏడో రోజును లెక్కించడం తేలిక: శుక్రవారం పుట్టిన బిడ్డకు మరుసటి గురువారం. మగ్రిబ్ తర్వాత పుడితే మరుసటి రోజు కిందే లెక్క.

అబ్బాయికి రెండు మేకలు లేదా గొర్రెలు, అమ్మాయికి ఒకటి. రెండు కొనే స్తోమత లేకపోతే అబ్బాయికి ఒకటైనా సరిపోతుంది. ఏడో రోజు వీలుకాకపోతే పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు, ఆ తర్వాతైనా చేయవచ్చు. అసలు స్తోమతే లేకపోతే పాపం లేదు. అఖీఖా మాంసం తల్లిదండ్రులు, తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు తినకూడదన్న మాట మా దగ్గరికి ప్రశ్నగా తరచూ వస్తుంటుంది. అది నిరాధారం. ఇంట్లో అందరూ తినవచ్చు, బంధువులకూ బీదలకూ పంచవచ్చు.

తీసిన వెంట్రుకలకు సమానమైన తూకం వెండిని దానం చేయాలి. పసిబిడ్డ జుట్టు బరువెంత? అతి స్వల్పం. బీదవాడు కూడా ఆచరించగలిగే సున్నత్ ఇది.

పేరు మంచి అర్థం గలదై ఉండాలి. అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అనేవి అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన పేర్లు. 'ఆసియ' (అవిధేయురాలు) అనే అర్థమున్న పేరుగల స్త్రీకి దైవప్రవక్త (స) 'జమీలా' అని పేరు మార్చారు. ఫిరౌన్ భార్య పేరు ఆసియా వేరు, దాని అరబీ అక్షరాలు వేరు. వినసొంపుగా ఉందని అర్థం తెలియని పేరు పెట్టేముందు ఒక ఆలిమ్‌ను అడగడం మంచిది. పేరు ఖాయం కాగానే 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు అనేక పనులకు ఈ ధ్రువపత్రమే ఆధారం. తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగు వారి ఇతర పత్రాల్లో ఉన్నట్లే రాయించాలి. ఇక్కడ ఒక అక్షరం తేడా వస్తే బిడ్డ ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఖర్చు ఎవరిది?

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ప్రాంతపు అలవాటు. అందులో తప్పు లేదు, కూతురికి అమ్మ దగ్గర ఊరట ఉంటుంది. కాని ఆస్పత్రి బిల్లు, ఛట్టీ, ఛిల్లా విందులు, ఉయ్యాల, బిడ్డకు బంగారం, అల్లుడికీ వియ్యంకులకూ బట్టలు, ఇవన్నీ అమ్మాయి తండ్రి నెత్తిన పెట్టడం ఎక్కడి న్యాయం? పాలిచ్చే తల్లి తిండి, బట్ట బిడ్డ తండ్రి బాధ్యత అని పైన చెప్పిన బఖరా సూరా ఆయతే స్పష్టంగా తెలిపింది. అఖీఖా కూడా బిడ్డ తండ్రి వంతే. తాతయ్య సంతోషంగా ఇస్తే అది కానుక. మాట వస్తుందనే భయంతో అప్పుచేసి ఇస్తే అది కానుక కాదు, బలవంతపు వసూలు.

బాలింత నమాజు

కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని నిఫాస్ అంటారు. ఆపరేషన్ కాన్పుకూ ఇదే ఆదేశం. ఈ కాలంలో నమాజు ఉండదు, తర్వాత చెల్లించనక్కర లేదు. రమజాన్ ఉపవాసాలు మాత్రం తర్వాత పూర్తి చేసుకోవాలి. నలభై రోజులు అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే, కనిష్ఠ పరిమితి అంటూ లేదు. ఇరవయ్యో రోజున రక్తం ఆగితే ఆ రోజే స్నానం చేసి నమాజు మొదలుపెట్టాలి. 'ఛిల్లా స్నానం' దాకా నమాజు వదిలేయడం పెద్ద పొరపాటు. నలభై దాటినా ఆగకపోతే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఆ పై వచ్చేది ఇస్తిహాజా, నమాజు చేయాలి. ఇంతకుముందు కాన్పులైన స్త్రీ తన పాత అలవాటును బట్టి ఆలిమ్‌ను అడగాలి, డాక్టరుకూ చూపించుకోవాలి.

నిఫాస్‌లో ఉన్న స్త్రీ అంటరానిది కాదు. ఆమె కంచం, పక్క వేరు చేయనక్కర లేదు. జిక్ర్, దరూద్, దుఆలు ఆమె నిరభ్యంతరంగా చేసుకోవచ్చు.

నిద్రలేని రాత్రులు

పసిబిడ్డ రెండు మూడు గంటలకోసారి లేస్తాడు. ఏడుపే వాడి భాష. దైవప్రవక్త (స) నమాజు దీర్ఘంగా చేయించాలని సంకల్పించి కూడా, బిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి మనసు పడే ఆందోళన తలచుకుని నమాజును కుదించేవారు. జమాఅత్ నమాజునే కుదించారంటే, ఆ తల్లికోసం మనం టీవీ శబ్దం తగ్గించలేమా? పరామర్శకు వచ్చినవాళ్లం పది నిమిషాల్లో లేచి వెళ్లలేమా?

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఓ పసివాడు తన ఒడిలో మూత్రం పోస్తే ఆయన విసుక్కోలేదు, నీళ్లు తెప్పించి బట్టమీద చల్లుకున్నారు. కాబట్టి రాత్రి ఒకసారి లేచి బిడ్డ గుడ్డలు మార్చడం, భుజాన వేసుకుని తిప్పడం తండ్రికి నామోషీ కాదు, పుణ్యం.

కాన్పయిన మొదటి రెండు వారాల్లో చాలామంది తల్లులకు కారణం లేకుండా ఏడుపు వస్తుంది. అది కృతఘ్నత కాదు, ఈమాన్ లోపం కాదు. మర్యం (అలై) ప్రసవ వేదనలో, ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండేదని బాధపడ్డారు. అల్లాహ్ ఆమెను గద్దించలేదు. దుఃఖించవద్దని ఓదార్చి, నీరు, తాజా ఖర్జూరాలు అందించాడు. మన ఇంటి బాలింతకూ కావలసింది అదే: ఓదార్పు, తిండి, నిద్ర. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డనైనా తననైనా ఏదో చేసుకోవాలనే ఆలోచనలు వస్తున్నా, 'అసర్' పట్టిందంటూ ఆమిల్‌ల చుట్టూ తిప్పకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. వైద్యం చేయించుకోవడం కూడా సున్నతే.

నజర్ విషయం

దిష్టి తగలడం వాస్తవమే. దానికి విరుగుడు దిండు కింద చాకు కాదు, కళ్లలో కాటుక కాదు. కాటుక వల్ల లేత కళ్లకు హాని కలుగుతుంది. దైవప్రవక్త (స) హసన్, హుసైన్‌లను (రజి) అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణులోకి అప్పగిస్తూ దుఆ చేసేవారు. ఫలఖ్, నాస్ సూరాలు చదివి బిడ్డపై ఊదడం తండ్రి రోజూ చేయగల పని.

సోదరులారా, సోదరీమణులారా! మన ఇళ్లలో బిడ్డ పుట్టినప్పుడు మొదట ఎంతమందిని పిలవాలని కాదు, ఆ తల్లి తిన్నదా, నిద్రపోయిందా అని అడుగుదాం.

అల్లాహ్ మన సంతానాన్ని మన కనులకు చల్లదనంగా చేయుగాక! తల్లుల హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! సంతానం కోసం ఎదురుచూస్తున్నవారికి సుసంతానాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.