టికెట్ మీది రెండున్నర గంటలు

విశాఖ నుంచి ఢిల్లీకి విమాన దూరం సుమారు 1,360 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే ఫ్లైట్ రెండుంబావు, రెండున్నర గంటల్లో దింపేస్తుంది. స్టీల్ ప్లాంట్‌లోనైనా పోర్టులోనైనా మనవాళ్లు ఈ అంకె చూసే ‘పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తాను సార్’ అని ఒప్పుకుంటారు. చిక్కులన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి.

లెక్క వెనక నుంచి వేయండి. స్టీల్ మంత్రిత్వ శాఖలో మీటింగ్ 11 గంటలకి అనుకుందాం. గేటు పాస్, సెక్యూరిటీ ఉంటాయి కాబట్టి పదిన్నరకి అక్కడ ఉండాలి. విమానం దిగి, బయటపడి, ఊళ్లోకి చేరడానికి గంటన్నర. అంటే తొమ్మిదికి దిగాలి, ఇక్కడ ఆరున్నరకి బయల్దేరాలి. చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. ఐదింటికి ఎయిర్‌పోర్టులో ఉండాలంటే కూర్మన్నపాలెంలో నాలుగున్నరకి కారెక్కాలి. రెండున్నర గంటలు కాస్తా ఆరు గంటలయ్యాయి. రాత్రి బి షిఫ్ట్ దిగి, సరిగ్గా నిద్రపోకుండా వెళ్లినవాడు మీటింగ్‌లో తన డిపార్ట్‌మెంట్ అంకెలే తడబడుతూ చెబుతాడు. పైవాళ్లకి గుర్తుండేది ఆ తడబాటే.

అసలు ఆ వేళకి నేరుగా ఫ్లైట్ ఉండాలి కదా. మన ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది, కోరుకున్న టైముకల్లా విమానం దొరకదు. అప్పుడు అందరూ హైదరాబాద్ మీదుగా చూస్తారు. దూరం 1,770 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం, నాలుగు డబ్బులు మిగులుతాయని రెండు ఎయిర్‌లైన్స్‌లో విడివిడిగా టికెట్లు కొనడం. మొదటి ఫ్లైట్ గంట లేటయితే రెండోవాళ్లు మిమ్మల్ని ‘నో-షో’ కింద రాసేస్తారు, కొత్త టికెట్ డబ్బు మీ జేబులోంచే పోతుంది. ఒకే పీఎన్‌ఆర్ మీద కొంటే తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. ఎంత తొందరలో ఉన్నా ఈ ఒక్క విషయంలో రాజీపడకండి.

డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ పొగమంచు పొద్దుటి ఫ్లైట్లను గంటల తరబడి ఆపేస్తుంది. మన వైపు అక్టోబర్ నుంచి తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన టెర్మినల్‌నే దెబ్బతీసింది, కొన్ని రోజులు విమానాలే లేవు. ఆ నెలల్లో ముందు రోజు సాయంత్రమే వెళ్లిపోండి. హోటల్ ఖర్చుకి అనుమతి రాదనుకుని ఊరుకోవద్దు. పైన వేసిన లెక్కంతా రెండు వరుసల్లో మెయిల్ పెట్టి అడగండి. కాదంటే ఆ జవాబు రికార్డులో ఉంటుంది, రేపు ఆలస్యానికి మీరొక్కరే సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కాల్సి వచ్చినప్పుడు గాజువాక వైపు వాళ్లకి ఈ లెక్క చెల్లదు. అది ఊరికి అటు చివర, ఇంకా నలభై కిలోమీటర్ల పైన ఉంది. ఊరంతా దాటాలి కాబట్టి రోడ్డుకే కనీసం రెండు గంటలు పెట్టుకోండి.

తిరుగు టికెట్ మీటింగ్ అయ్యే టైముకి ఆనించి కొనకండి. మంత్రిత్వ శాఖ మీటింగులు సాగుతాయి, మధ్యలో లేచి వచ్చేసేంత హోదా మనకి ఉండదు. టికెట్ కొనేటప్పుడే తేదీ మార్చుకోవడానికి ఎంత పడుతుందో చూసుకోండి.