మాక్బెత్తు: ఒక వీరుని పతనము

నాటకమున దుష్టుడు శిక్షింపబడినచో మనము తృప్తి చెందుదుము. సజ్జనుడు కష్టముల పాలైనచో కన్నీరు పెట్టుకొందుము. తప్పు చేసినవానిని చూచి జాలిపడుట, వాని పతనమును చూచి మన మనస్సులలో మనమే భయపడుట మాత్రము అరుదు. ఈ రెండు భావములను ఏకకాలమున కలిగింపగల నాయకుని గూర్చి గ్రీకు తత్త్వవేత్తయగు అరిస్టాటిలు క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దముననే వివరించెను. అట్టి నాయకుడు మచ్చలేని పుణ్యాత్ముడు కాడు. కరడుగట్టిన పాపాత్ముడును కాడు. ఉన్నతస్థితిలో నుండి, తాను చేసిన తప్పిదము మూలమున అధోగతి పాలగువాడు. అట్టివాని కథయే విషాదాంత నాటకము. ఆంగ్లభాషలో ఇట్టి నాటకములకు మేలుబంతి వంటిది షేక్స్పియరు మహాకవి రచించిన 'మాక్బెత్తు'.

షేక్స్పియరు 1564వ సంవత్సరమున జన్మించి 1616వ సంవత్సరమున మరణించెను. ఈ నాటకమును ఆయన 1606 ప్రాంతమున వ్రాసెనని పండితుల యభిప్రాయము. ఆయన మరణానంతరము 1623లో వెలువడిన నాటకసంపుటమున ఇది మొదటిసారిగా అచ్చుపడినది. ఆయన విషాదాంత నాటకములన్నిటిలోను ఇదియే చిన్నది.

మాక్బెత్తు స్కాట్లండు రాజగు డంకనునకు బంధువు, మహాశూరుడగు సేనాని. అతడును, మిత్రుడగు బాంక్వోయును యుద్ధమున జయము పొంది మరలి వచ్చుచుండగా ఒక బీటియందు ముగ్గురు మంత్రగత్తెలు ఎదురుపడిరి. మాక్బెత్తు కాడరు ప్రభువగుననియు, పిమ్మట రాజగుననియు వారు పలికిరి. బాంక్వో రాజు కాకున్నను అతని సంతతివారు రాజులగుదురని చెప్పి మాయమైరి. ఇంతలో రాజు పంపిన దూతలు వచ్చి, రాజద్రోహియైన కాడరు ప్రభువు పదవిని డంకను మాక్బెత్తున కిచ్చెనని తెలిపిరి. మొదటి మాట నిజమయ్యెను. రెండవ మాటయు నిజము కావలెనను కోరిక మాక్బెత్తు హృదయమున మొలకెత్తెను.

ఇచ్చట మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. మంత్రగత్తెలు రాజును చంపుమని చెప్పలేదు. రాజ వగుదువని మాత్రమే చెప్పిరి. హత్య యను తలంపు మాక్బెత్తు మనస్సులోనే పుట్టినది. బాంక్వోయు ఆ మంత్రగత్తెల పలుకులు వినెను. అతనికిని ఆశ లేకపోలేదు. అయినను ఇట్టి మాటలు మనుష్యుని వంచించుటకే కావచ్చునని అతడు శంకించెను. ద్రోహమునకు చేయి చాపలేదు. కావున మాక్బెత్తు పతనమునకు విధిని నిందించి మనము ఊరకుండరాదు. ఉన్నతిని కోరుట దోషము కాదు. కోరినదానిని పొందుటకు ఏ మార్గమైనను తొక్కవచ్చుననుటలోనే దోషము కలదు.

అనంతరము డంకను తన కుమారుడగు మాల్కమును యువరాజుగా ప్రకటించి, మాక్బెత్తు కోటకు అతిథిగా విచ్చేసెను. ఆ రాత్రి మాక్బెత్తు ఒంటరిగా తర్కించుకొనెను. తాను రాజునకు బంధువు, అతని సేవకుడు, అన్నిటికంటె మిన్నగా ఆతిథ్య మిచ్చిన గృహస్థు. డంకను సౌమ్యుడు, ధర్మాత్ముడు. అట్టివానిని చంపుటకు తన యత్యాశ తప్ప వేఱు కారణము లేదని అతడు స్పష్టముగా గ్రహించెను. అతిథిని దేవునితో సమానముగా భావించు మనకు అతని మనోవ్యథ సులభముగా బోధపడును. అతడు ఆ పని మానుకొనుటకు నిశ్చయించెను. కాని అతని భార్య, పౌరుషము లేదని అతనిని ఎత్తిపొడిచెను. ఆ మాటకు అతని నిశ్చయము సడలెను. తప్పని తెలియక చేసినవాడు కాడు మాక్బెత్తు; తెలిసి తెలిసి చేసినవాడు. అతని శిక్షకు బీజ మచ్చటనే పడినది.

నిదురించుచున్న రాజును పొడిచి వచ్చిన మాక్బెత్తు తన చేతుల రక్తమును చూచి వణకిపోయెను. దైవప్రార్థన చివర పలుకవలసిన మాట అతని గొంతు దాటి రాలేదు. ఇక నీకు నిద్ర లేదను కేక ఎచటనుండియో వినబడినట్లు తోచెను. భార్య మాత్రము చలింపలేదు. కొంచెము నీటితో కడిగికొన్న చాలునని ధైర్యము చెప్పెను. అయినను ఆమె హృదయము పాషాణము కాదు. నిద్రించుచున్న డంకనులో తన తండ్రి పోలిక కానవచ్చుటచే, స్వయముగా అతనిని చంపుటకు ఆమెకు చేతులు రాలేదు.

ఒక పాపమును దాచుటకు వేఱొక పాపము కావలసి వచ్చినది. రాజైన మాక్బెత్తు, బాంక్వో సంతతికి రాజ్యము పోవునను భయముతో మిత్రునే చంపించెను. విందునాడు బాంక్వో ప్రేతము అతని యాసనముననే కూర్చుండి అతని కొక్కనికే కనబడెను. పిమ్మట అతడు మాక్డఫు అను ప్రభువు భార్యను, పసిబిడ్డలను చంపించెను. డంకనును చంపుటకు ముందు ఎంతగానో తర్కించిన మనస్సు ఈ పసివారి విషయమున క్షణమైనను తర్కింపలేదు. మొదటి తప్పునకు అడ్డుపడిన అంతరాత్మ క్రమముగా మూగవోయినది.

భార్య కథ ఇందుకు విరుద్ధముగా నడచినది. తొలుత ధైర్యము చెప్పిన ఆమె నిద్రలో లేచి నడచుచు, లేని రక్తపు మరకను కడిగికొనుటకు మాటిమాటికి చేతులు రుద్దుకొనసాగెను. ఆ దృశ్యమును చూచిన వైద్యుడు, ఈ వ్యాధికి తన వద్ద మందు లేదనెను. కొంచెము నీటితో పోవునన్న మరక ఆమె ప్రాణములు తీసికొనిపోయినది. ఆమె మరణవార్త వినిన మాక్బెత్తునకు దుఃఖించుటకు సైతము ఓపిక లేకపోయెను; బ్రతుకంతయు అర్థములేనిదిగా తోచెను.

స్త్రీగర్భమున జనించినవా డెవ్వడును తన్ను చంపలేడనియు, బర్నము అడవి కదలి వచ్చువరకు తనకు ఓటమి లేదనియు మంత్రగత్తెలు మరల చెప్పిన మాటలను మాక్బెత్తు నమ్మియుండెను. మాల్కము సైనికులు ఆ యడవి కొమ్మలను నఱకి అడ్డుపెట్టుకొని రాగా అడవియే కదలి వచ్చినట్లయ్యెను. మాక్డఫు తల్లి గర్భమును కోసి తీయబడినవాడు. అతని చేతిలో మాక్బెత్తు మరణించెను. మాల్కము రాజయ్యెను.

చరిత్రలోని మాక్బెత్తు ఇట్టివాడు కాడు. అతడు 1040లో డంకనును పోరులో గెలిచి రాజ్యమునకు వచ్చి, 17 సంవత్సరములు పాలించి, 1057లో మరణించెను. షేక్స్పియరు ఈ కథను హోలిన్షెడ్డు చరిత్రగ్రంథమునుండి గ్రహించెను. అందు బాంక్వో రాజహత్యలో భాగస్వామి. నిద్రించుచున్న రాజును ఆతిథ్యమిచ్చినవాడే చంపించుట అదే గ్రంథములోని వేఱొక రాజు కథ. ఆనాటి ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు బాంక్వో వంశీయుడని జనులు నమ్ముచుండిరి. బాంక్వోను నిర్దోషిగా చూపుటకు అదియు ఒక హేతువు కావచ్చును. కాని ఈ మార్పులవలన కలిగిన ఫలము గొప్పది. యుద్ధమున చంపితినని గాని, బాంక్వోయు ప్రేరేపించెనని గాని చెప్పుకొని తప్పించుకొను దారి నాటకములోని మాక్బెత్తునకు లేదు.

శత్రువు కత్తి అతనిని తాకుటకు చాలకాలము పూర్వమే అతని శిక్ష ఆరంభమైనది. కిరీటము దక్కినది, నిద్ర పోయినది. సింహాసనము దక్కినది, మిత్రులు పోయిరి. ముదిమియందు మనుష్యునకు తోడుండవలసిన ప్రేమయు గౌరవమును తనకు లేవని అతడే వాపోయెను. అతనికి అంతరాత్మ లేకున్నచో మనము అతనిని అసహ్యించుకొని మఱచియుందుము. మంచి తెలిసినవాడగుటచేతనే జాలిపడుచున్నాము. మంచి తెలిసినంత మాత్రమున మనుష్యుడు నిలువలేడని చూచి భయపడుచున్నాము. దురాశ దుఃఖమునకు చేటను పెద్దల మాటను మనమందరము ఎఱుగుదుము. మాక్బెత్తును ఎఱుగనివాడు కాడు. ఎఱిగియు, తొలి యడుగునకు ముందు నిలువలేకపోవుటయే అతని విషాదము.

ప్రశ్నలు

1. మంత్రగత్తెల మాటలకు మాక్బెత్తును, బాంక్వోయును ఎట్లు వేఱువేఱుగా స్పందించిరి?
2. షేక్స్పియరు చరిత్రలో చేసిన మార్పులవలన నాయకుని దోష మెట్లు బలపడినది?
3. మాక్బెత్తు జాలిపడదగినవాడా? మీ యభిప్రాయమును కారణములతో వ్రాయుడు.