అవసరమును, కోరికయు



“నాకు కావలెను” అను మాటను మనము దినమునకు పలుమారు పలుకుచుందుము. గంజి కావలెనని ఆకలిగొన్నవాడు ఆ మాటనే పలుకును. నాలుగు చొక్కాలుండియు ఐదవది కావలెనని కలిగినవాడును ఆ మాటనే పలుకును. మాట యొకటియైనను సంగతులు రెండు. మొదటిది అవసరము, రెండవది కోరిక. వీనిని వేరుపరచ నేర్చుకొనుట క్రైస్తవజీవితమున కత్యావశ్యకము.

అవసరమునకు కొలత కలదు. అరణ్యమార్గమున ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా ననుగ్రహించిన వృత్తాంతము నిర్గమకాండము 16వ అధ్యాయమున నున్నది. మనిషికి ఒక ఓమెరు చొప్పున కూర్చుకొనవలెనని కట్టడ. కొలిచిచూడగా అందరికిని సరిపోయెను. ఆజ్ఞ మీరి మరునాటికి దాచినది పురుగుపట్టెను. అయితే విశ్రాంతిదినముకొరకు ఆరవదినమున కూర్చిన రెండంతలు చెడలేదు. కాబట్టి రేపటికై వివేకముతో సిద్ధపడుట దోషము కాదు. చాలునను మాట నెరుగక ప్రోగుచేయుటయే దోషము.

వస్తువును చూచి ఇది అవసరము, ఇది కోరిక అని చెప్పుట సాధ్యము కాదు. ఐదు మైళ్లు నడచి బడికి వచ్చు బాలునికి సైకిలు అవసరము. బడిప్రక్కనే యున్నవానికి అది కోరిక. కావున మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది లేనియెడల నా ఆరోగ్యమునకో, చదువునకో, విధికో లోపము కలుగునా? ఇది దొరకినపిమ్మట నా ఆశ తీరునా, పెరుగునా? దీని వెలను నిజముగా ఎవరు చెల్లించుచున్నారు? మూడవ ప్రశ్న మిక్కిలి కఠినమైనది. కుమారుని వేడుకకొరకు తల్లి తన మందు మానుకొనిన యిల్లు లున్నవి. కూటికి లేకున్నను కాటుక మాననట్లను సామెత యిట్టి యిండ్లకే తగును.

కోరికలన్నియు పాపములని చెప్పరాదు. కానా వివాహమున ప్రభువు చేసిన మొదటి సూచకక్రియ విందులోని సంతోషమును నిలుపుటకే గదా! కాని కోరిక అవసరమను పేరు పెట్టుకొని పొరుగువాని అన్నమును తినరాదు.

తొలి మెథడిస్టులలో ఒకనిగూర్చి జాన్ వెస్లీ తన ప్రసంగమొకదానిలో తెలిపెను. ఆతని మొదటి సంవత్సరపు రాబడి 30 పౌనులు. 28 పౌనులతో జీవించి, 2 పౌనులు దానముచేసెను. తరువాతి సంవత్సరములలో రాబడి వరుసగా 60, 90, 120 పౌనులకు పెరిగినను ఆతని ఖర్చు మాత్రము 28 పౌనులే. నాలుగవయేట 92 పౌనులు బీదలకు చేరెను. రాబడి పెరిగినంతమాత్రమున అవసరము పెరుగదని ఆతడెరిగియుండెను.

అయితే యీ కొలబద్ద మనలను కొలుచుకొనుటకే గాని పొరుగువానిని కొలుచుటకు గాదు. ఆకలితోనున్నవానికి తృప్తినిగూర్చి బోధించుట క్రూరత్వము. 1876–78 సంవత్సరముల మహాక్షామమున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగా రట్లు బోధింపలేదు. బకింగ్‌హాం కాలువలో 3½ మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, బీదలకు పనియు కూలియు కల్పించిరి. అన్నముకొరకే జనులు సంఘమున చేరుదురేమో యని, కరవు తీరువరకు బాప్తిస్మముల నిలిపియుంచిరి. ఒకని అవసరమును తీర్చుటకు ఏ వెలయు అడుగరాదని వా రెరిగియుండిరి.

మన సంఘములలో అనేకులైన తల్లులు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి దేవునిపేర వేరుకుండలో వేయుదురు. ఆ పిడికెడు తగ్గినందున ఆ యింట ఎవరును పస్తుండరు. వారము నిండునప్పటికి ఆ కుండలోని బియ్యము మరియొక యింట పొయ్యి వెలిగించును. మీ “కావలెను”లలోనుండి ఈ వారము ఏ పిడికెడు తీసియుంచగలరో ఆలోచించుకొనుడు.