బాస్ గిటార్ గరగరమంటుంటే

ప్రశ్న: గోదావరిఖనిలో సింగరేణి క్వార్టర్‌లో ఉంటాం. కొత్తగా బాస్ గిటార్ కొన్నాను. తమ్ముడి గిటార్ ఆంప్‌కి పెడితే గరగరమంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఆంప్ నుంచి తీసేయండి. బాస్‌లో లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. చిన్న ఆంప్ స్పీకరు అంత కింది స్వరాన్ని మోయలేదు. సౌండ్ పెంచితే పాడైపోతుంది. ఇంట్లో సాధనకు హెడ్‌ఫోన్ ఆంప్ చాలు. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నవాళ్ల నిద్రా చెడదు.

కొంత గరగర వేళ్లదీ కావచ్చు. ఎడమచేతి వేలు ఫ్రెట్‌కి ఆనీ ఆననట్టు, దాని వెనకే నొక్కండి. కుడి బొటనవేలు పికప్ మీద ఆనించి, చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటండి. మీటిన వేలు పై తీగ మీద వాలితే అది మోగదు. ‘గీతాంజలి’ (1989) పాటల్లో ఇళయరాజా బాస్‌ని ఎంత అందంగా నడిపించారో! హెడ్‌ఫోన్‌లో ఆ ఒక్క వరుసే పట్టుకుని, నెమ్మదిగా వాయించండి.