గేర్‌బాక్సు సంగతి ఆర్‌సీ చెప్పదు

పాత జీపు ఆర్‌సీ పుస్తకం తిరగేయండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రంగు, సీట్ల సంఖ్య, ఇంధనం, ఖాళీ బరువు అన్నీ ఉంటాయి. గేర్‌బాక్సు గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. పాత బండి కొనడానికి వచ్చినవాడు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి: "గేర్‌బాక్సు కంపెనీదేనా?" మన షెడ్లలో దీనికి వినిపించే జవాబు "ఒరిజినలే సార్". ఆ మాటకు ఆధారం చూపగల మెకానిక్ అయితే, తనిఖీకి విడిగా ఫీజు అడిగే హక్కు మీకుంది. ఆ ఆధారం ఎక్కడెక్కడ దొరుకుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కుంట, చింతూరు, భద్రాచలం షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లను, ముఖ్యంగా ఛత్తీస్‌గఢ్‌లో దోర్నపాల్ దాటి లోపల జగర్గుండా వైపు నుంచి వచ్చినవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఎందుకంటే ఈ దారి జీపుల దారి. దోర్నపాల్ నుంచి జగర్గుండాకు 56 కిలోమీటర్లు. ఒకప్పుడు చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారంతో కళకళలాడిన ఊరది. ఇటు దోర్నపాల్, అటు అరన్‌పూర్, మరో వైపు బాసగూడ దారులు కలిసే కూడలి. 2006 తర్వాత మావోయిస్టు ఘర్షణలతో ఏళ్ల తరబడి ఆ దారులు మూసుకుపోయి, రేషన్ బియ్యం కూడా సాయుధ బలగాల కాపలాతో చేరింది. 2019లో బడి తిరిగి తెరుచుకుంది, 2025లో బ్యాంకు శాఖ వచ్చింది, తారు రోడ్డు పడింది. రోడ్డు పడిన చోటికి కొత్త బండ్లు వస్తాయి, పాతవి బయటికి పోతాయి. సామాన్లు విప్పి తుక్కు కింద అమ్మేసే పాత జీపుకు హైదరాబాద్‌లోనో రాయ్‌పూర్‌లోనో మంచి ధర పలకవచ్చు. అయితే పత్రాలకూ ఇనుముకూ పొంతన కుదిరినప్పుడే.

ముందుగా ఒక తేడా మనసులో నాటుకోవాలి. ఒరిజినల్ అనే మాటలో మూడు మెట్లున్నాయి. ఆ మోడల్‌కు కంపెనీ బిగించిన రకం గేర్‌బాక్సే ఉండడం మొదటి మెట్టు. ఆ బండి తయారైన కాలానిదే కావడం రెండోది. ఆ బండితోపాటు ఫ్యాక్టరీ గేటు దాటిన అదే గేర్‌బాక్సు కావడం మూడోది. మన దేశపు జీపుల్లో మొదటి మెట్టు తేల్చడం కష్టం కాదు. రెండోది ఓపికతో తేలుతుంది. మూడోది గేర్‌బాక్సు నంబరు రాసిన కాగితం ఉంటే తప్ప తేలదు. కొనేవాడికి మీరు ఏ మెట్టు దాకా నిరూపించారో ఆ మెట్టే చెప్పండి.

కాగితాలతో మొదలుపెడదాం. సరిహద్దు బండ్ల కాగితాలు చదవడానికి జిల్లాల చరిత్ర తెలిసి ఉండాలి. జగర్గుండా బస్తర్ జిల్లాలో ఉండేది, 1998లో దంతెవాడ జిల్లాకు, 2012లో సుక్మా జిల్లాకు మారింది. 2000 నవంబరు 1 దాకా అదంతా మధ్యప్రదేశ్, ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్. ఇవతల చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఒకే ఇంటి ముందు నిలబడ్డ బండికి మూడు కార్యాలయాల ముద్రలు ఉండవచ్చు. నంబర్ల కోడ్‌లివి: జగదల్‌పూర్ సీజీ 17, దంతెవాడ సీజీ 18, సుక్మా సీజీ 26, పాత ఖమ్మం ఏపీ 20. ముద్ర మారిందంటే బండి చేతులు మారిందని కాదు, జిల్లా మారి ఉండవచ్చు. బండి నిజంగా రాష్ట్రం దాటి రిజిస్ట్రేషన్ మార్చుకుంటే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఉండాలి. అది లేకపోతే అక్కడ ఆగి అడగండి.

ఆర్‌సీ గేర్‌బాక్సు గురించి నేరుగా చెప్పకపోయినా ఒక గట్టి సూచన ఇస్తుంది. అది ఇంజిన్ మార్పిడి నమోదు. పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజిన్ వేయించడం ఒకప్పుడు ఊరూరా జరిగిన పని. మాటడోర్ ఇంజిన్లు అంబాసిడర్లలో కూడా ఎక్కాయి. ఇంజిన్ మారితే బెల్ హౌసింగ్ బోల్టుల అమరిక మారుతుంది. అప్పుడు మధ్యలో ఎడాప్టర్ ప్లేటు వేయాలి, లేదా గేర్‌బాక్సు కూడా మార్చాలి. కాబట్టి ఇంధనం గడిలో పెట్రోలు కొట్టేసి డీజిల్ అని కనిపించినా, ఇంజిన్ నంబరు రెండోసారి రాసి ఉన్నా, గేర్‌బాక్సును అనుమానంతోనే చూడండి. స్మార్ట్ కార్డులో ఈ చరిత్ర కనిపించదు. పాత ఆర్‌సీ పుస్తకం ఉంటే అదే అడగండి, యజమాని పారేయకుండా ఆపండి.

మిలటరీ డిస్పోజల్ జీపుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. సైన్యం వేలం వేశాక ఆ బండి మొదటిసారి రవాణా శాఖలో రిజిస్టర్ అవుతుంది. ఆ తేదీకీ తయారైన ఏడాదికీ మధ్య చాలా ఏళ్లు ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ ఏడాదిని పట్టుకుని "ఈ ఏడాది మోడల్‌కు ఈ గేర్‌బాక్సు ఉండకూడదే" అంటే లెక్క తప్పుతుంది. వేలం కాగితం, విడుదల ఉత్తర్వు చూసి తయారీ ఏడాదిని విడిగా రాసుకోండి. ఈ దారిలో జోంగా దొరికినా ఇదే పద్ధతి. నిస్సాన్ పెట్రోల్ నమూనాతో జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైన బండి అది.

ప్రభుత్వ శాఖ నుంచి వేలంలో వచ్చిన జీపైతే లాగ్ బుక్ కోసం పట్టుబట్టండి. గేర్‌బాక్సు విప్పినా, మార్చినా, ఓవర్‌హాల్ చేసినా మరమ్మతుల ఖర్చు కింద రాసి ఉండాలి. డ్రైవర్ల చేతిరాతలో ఉన్న ఆ పుస్తకాన్ని నేను ఆర్‌సీ కన్నా ఎక్కువ గౌరవిస్తాను. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగింపు లేదు. అవి తుక్కుకు పోతున్నాయి, వాటి లాగ్ బుక్కులు కూడా వాటితోపాటే పోకుండా చూడాలి.

ఇక ఫ్యాక్టరీ పత్రాలు. మహీంద్రా 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. సీజే 3బీ పెట్రోలు జీపులో హరికేన్ ఇంజిన్, దాని వెనక మూడు గేర్ల టీ-90 గేర్‌బాక్సు. పెజో డీజిల్ ఇంజిన్ వచ్చిన ఎంఎం 540లో నాలుగు గేర్ల కేఎంటీ 90. తర్వాత కొన్ని మోడళ్లలో ఐదు గేర్ల బీఏ 10. గేర్ రాడ్డు కదిపి లెక్కపెడితేనే సగం సంగతి తెలుస్తుంది. మిగతా సగానికి ఆ మోడల్ విడిభాగాల కేటలాగ్ కావాలి. ఫలానా ఛాసిస్ నంబరు దాకా ఈ భాగం, ఆ తర్వాత నుంచి ఈ భాగం అని అందులో ఉంటుంది. చూసేవారికి పొడి అంకెలే. మనకు మాత్రం ఏ బండికి ఏ గేర్‌బాక్సు పడిందో చెప్పే సాక్ష్యం అదే. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర, విజయవాడ ఆటోనగర్‌లో పాత విడిభాగాల దుకాణాల దగ్గర అడుగుతూ ఉండండి. దొరికితే ధర చూసుకోకుండా కొనండి. డ్యాష్‌బోర్డు మీద గేర్ల బొమ్మ ఉన్న ప్లేటును మాత్రం ఆధారంగా తీసుకోకండి. కొత్తగా అచ్చు వేసిన ప్లేట్లు బజార్లో దొరుకుతాయి.

కాగితం పక్కన పెట్టి బండి కిందికి వెళ్దాం. గేర్‌బాక్సును డీజిల్‌తో తడిపి, ఇత్తడి బ్రష్షుతో రుద్దండి. గ్రైండర్ పెట్టొద్దు. అచ్చుపోతలో వచ్చిన ఉబ్బెత్తు అంకెలు వేరు, పంచ్‌తో కొట్టిన లోతు అంకెలు వేరు. అచ్చు అంకె వేలాది పెట్టెలకు ఒకటే, రకం మాత్రమే చెబుతుంది. పంచ్ అంకె ఉంటే ఆ పెట్టెదే. ఆర్‌టీఓ పనికి పెన్సిల్‌తో ఛాసిస్ ప్రింట్ తీస్తారు కదా, గేర్‌బాక్సు అంకెకూ అలాగే తీసి ఫొటో పక్కన అతికించండి. తర్వాత నేల రేకు చూడండి. గేర్ రాడ్డు కోసం రేకు కొత్తగా కోసిందా, పాత రంధ్రం మూసిందా, క్రాస్ మెంబర్‌కు వెల్డింగ్ పడిందా? గేర్‌బాక్సు మారిందన్న సంగతి ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది.

అచ్చు అంకె అరిగిపోయి చదవడానికి రాకపోతే గేరు నిష్పత్తి లెక్కించండి. సీజే 3బీలో ఇది సులభం, ఇంజిన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్ ఉంది కనుక. బ్యాటరీ తీగ తీసేయండి, స్పార్క్ ప్లగ్గులు విప్పండి. ముందు చక్రాలకు గట్టిగా చెక్కలు వేయండి. ఈ జీపు హ్యాండ్ బ్రేకు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదే పనిచేస్తుంది, దాన్ని వదలాలి కాబట్టి బండిని ఆపేది ఆ చెక్కలే. వెనక రెండు చక్రాలూ స్టాండ్ల మీద పైకి లేపండి, జాకీని నమ్మి కిందికి దూరకండి. ట్రాన్స్‌ఫర్ కేస్ హై రేంజ్‌లో, టూ వీల్‌లో ఉండాలి. షాఫ్ట్ మీద సుద్దతో గీత పెట్టి, మొదటి గేరు వేసి, హ్యాండిల్ 14 చుట్లు తిప్పించండి. టీ-90 మొదటి గేరు నిష్పత్తి 2.798 కనుక షాఫ్ట్ 5 చుట్లు తిరగాలి. రెండో గేరులో అదే 14కు దాదాపు 9. మూడోది ఒకటికి ఒకటి. లెక్క కుదిరితే లోపలి గేర్లు టీ-90వే అన్నమాట. అది మొదటి మెట్టు మాత్రమే, ఆ బండితో పుట్టిన పెట్టె అని దీనితో తేలదు.

అంబాసిడర్ వస్తే పని ఇంకా తేలిక. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఈ కారుకు దశాబ్దాల పాటు స్టీరింగ్ పక్కన గేరు రాడ్డే, నాలుగు గేర్లు. 1990ల మొదట్లో ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన 1800 ఐఎస్‌జెడ్‌లో ఐదు గేర్లు నేల మీదికి వచ్చాయి. 1970ల కారులో నేల గేరు కనబడితే అది తర్వాత ఎవరో వేయించినదే.

హైదరాబాద్, విశాఖ సంపన్నుల గ్యారేజీలకు పనికి వెళ్లేవారికి విదేశీ కార్లు కూడా తగులుతాయి. అక్కడ మూడో మెట్టు దాకా వెళ్లే వీలుంది. పాత మెర్సిడెస్ కారుకు ఫ్యాక్టరీ డేటా కార్డు ఉంటుంది, అందులో గేర్‌బాక్సు నంబరు ఉంటుంది. 722తో మొదలైతే ఆటోమేటిక్, 716 నాలుగు గేర్ల మాన్యువల్, 717 ఐదు గేర్లది. పాత జాగ్వార్ ఎక్స్‌కే, ఈ-టైప్‌ల ప్లేటు మీదే గేర్‌బాక్సు నంబరుకు గడి ఉంది. 1967, 68 ఫోర్డ్ మస్టాంగ్ డ్రైవరు తలుపు ప్లేటు మీద ట్రాన్స్‌మిషన్ అక్షరం ఉంటుంది. డబ్ల్యూ అయితే సీ4 ఆటోమేటిక్, యూ అయితే సీ6, 1 అంకె మూడు గేర్ల మాన్యువల్, 5 అంకె నాలుగు గేర్లది. 1967 నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు అమెరికాలో మార్టీ అనే సంస్థ దగ్గర ఉన్నాయి, డబ్బు కడితే నివేదిక పంపుతుంది. ప్లేటు ఊడదీసి వేరే కారుకు బిగించవచ్చు కనుక ఆ నివేదికకే విలువ ఎక్కువ.

చట్టం మాట కూడా తెలుసుకోండి. కేంద్ర రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 20,000 రూపాయల రుసుముతో పదేళ్ల రిజిస్ట్రేషన్, నంబరులో వీఏ అక్షరాలు. రోజువారీ వాడకానికి, కిరాయికి తిప్పకూడదు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చి ఉండకూడదని ఆ నియమం పేరుపెట్టి చెప్పింది, గేర్‌బాక్సు పేరు ఎత్తలేదు. అందుకే దాన్ని పరీక్షించే భారం మన మీద పడింది. మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. పాత అంకె చెరిపి కొత్త అంకె కొట్టమని ఎవరైనా అడిగితే, ఎంత డబ్బు ఇస్తానన్నా ఆ పని చేయకండి. అది నేరం. అంతకు మించి, ఒక బండి చరిత్రను శాశ్వతంగా చెరిపేయడం.

నివేదిక రాసేటప్పుడు ఒక కాగితం మీద మూడు భాగాలు పెట్టండి: పత్రాల్లో ఉన్నది, ఇనుము మీద కనబడింది, నా అభిప్రాయం. మూడింటినీ కలిపేయకండి. "టీ-90 రకమే, మొదటి గేరు లెక్క కుదిరింది, పంచ్ అంకె లేదు, పుట్టుకతో వచ్చిన పెట్టె అని నిరూపించే కాగితం లేదు" అని రాస్తే అది నిజాయితీ గల నివేదిక. ఫొటోలు, పెన్సిల్ ప్రింట్లు జత చేయండి, తేదీ వేసి సంతకం పెట్టండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఫీజు ముందే మాట్లాడండి. బండి అమ్ముడైతే కమీషన్ ఇస్తామంటే ఆ తనిఖీ ఒప్పుకోకండి, అమ్మకం మీద ఆశ ఉన్నవాడి చేతిరాతను కొనేవాడు నమ్మడు. ఈ వారం షెడ్డుకు వచ్చే మొదటి పాత జీపుతోనే మొదలుపెట్టండి, ఎవరూ అడగకపోయినా ఆ బండికి ఒక నివేదిక రాసి ఫైల్లో పెట్టుకోండి.