మృదంగంపై 'నం' ఎలా పలుకుతుంది?

'నం' పలకకపోతే కొత్త విద్యార్థి మరింత గట్టిగా కొడతాడు. వేలు నొప్పి పుడుతుందేగాని నాదం రాదు. కారణమేమిటి?

మృదంగం కుడి మూత నడుమనున్న నల్లని పూత చర్మానికి బరువు చేకూరుస్తుంది. అందువలన కంపనాల పౌనఃపున్యాలు 1, 2, 3, 4, 5 నిష్పత్తికి దగ్గరవుతాయి. సి.వి. రామన్ 1920లో దీనిని ప్రకటించారు.

ఉంగరపు వేలిని పూత అంచున తేలికగా ఆనించి, చూపుడు వేలితో మూత అంచును కొట్టండి. మూతంతా ఒక్కసారిగా ఊగే మొదటి కంపనం అణగిపోతుంది. వేలి మీదుగా పోయే గీత నిశ్చలంగా ఉండి, దానికి ఇరుప్రక్కలా ఊగే రెండవ కంపనం మిగులుతుంది. అదే 'నం'!

ఆ వేలిని అదిమితే నాదం చస్తుంది; ఎత్తితే మొదటి కంపనం కలుస్తుంది. మూడు విధాలా కొట్టి వినండి. బలంకన్న స్పర్శ ముఖ్యమని తెలుస్తుంది.